ముందు చెయ్యి, తర్వాత నోరు

యూనివర్సిటీ వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ స్థితిగతుల మీద పుస్తకం వేశారు. నున్నటి కాగితం, అట్ట మీద పచ్చటి వరిచేను, లోపల రంగురంగుల పటాలు. ఎవరి ఇంటికి పెంకు, ఎవరి ఇంటికి స్లాబు, ఎవరు కుళాయి నీళ్ళు తాగుతారు, ఎవరు బిందె చంకనెత్తుకుని నడుస్తారు, ఎవరి పిల్లలు ఎంతవరకు చదివి మానేశారు, అన్నీ వేశారు. మొదటి పేజీలోనే ఒక వాక్యం ఉంది. ఈ ప్రాంత ప్రజలు శాంతస్వభావులు, ఇరుగుపొరుగుతో సఖ్యంగా మెలిగేవారు అని. అది చదివి పుస్తకాన్ని గోడకేసి కొట్టాను. ఆ ముక్క రాసిన పెద్దమనిషి ఎవరో గానీ, అక్కడ నాకు తెలిసిన ఒకావిడ చేతి దెబ్బ ఒక్కటి తిని ఉంటే ఆయన పెన్ను ముందుకు కదిలేది కాదు.

సరిగ్గా ఆ వారంలోనే ఆవిడ పోయిందని నాకు ఫోనొచ్చింది.

ఆవిడ పేరు చెప్పను. ఆ పుస్తకం కోసం ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఫారంలో ఉన్న పేరు బయటపెట్టకూడదని మాకు నియమం. మిగతా నియమాల్ని పాటించి నేను చేసిన నిర్వాకం ముందు ముందు మీరే చూస్తారు, కనీసం ఈ ఒక్కటన్నా మంచికి పాటిస్తాను.

నేను గుడివాడ దాన్ని. రోజూ పొద్దున్నే రైలెక్కి బందరులో దిగి, అక్కణ్ణించి ఆటోలో సముద్రం వైపు జాలరి పాలేలకు వెళ్ళేదాన్ని. ఆవిణ్ణి మొదట చూసింది గిలకలదిండి హార్బరులో. బోట్లు వచ్చే వేళ. వేలం పాడేవాళ్ళు, ఐసు కొట్టేవాళ్ళు, బుట్టలు, అరుపులు, కాలు పెట్టడానికి చోటు లేదు. నేను చేతిలో ఫైలు పెట్టుకుని, చుట్టూ చూస్తూ, ఆరబెట్టిన వల ఒకటి అడ్డమొస్తే చెప్పులతోనే దాటాను. దాటిన కాలు నేల మీద ఆనకముందే వీపు మీద ఒక్కటి పడింది. ఫైలు ఎగిరి చేపల నీళ్ళలో పడింది.

వెనక్కి తిరిగి చూస్తే అరవై దగ్గరపడిన మనిషి. నల్లగా, బక్కగా, మోచేతుల దాకా చేప పొలుసులు. కోపంగా కూడా లేదు మొహం.

"చెప్పులేసుకుని వల దాటతావా? దాంతోనేగా తినేది. మీ ఇంట్లో అన్నం పళ్ళెం ఇట్టాగే దాటతారా?" అంది.

నాకు మా నాన్న చేతి దెబ్బ కూడా అలవాటు లేదు. ఏడుపు, ఒళ్ళు మంట రెండూ కలిసి వచ్చాయి. "కొట్టకుండా చెప్పొచ్చు కదండీ" అన్నాను.

"మాకు ముందు చెయ్యి మాట్లాడుద్ది, తర్వాత నోరు. చెయ్యి చెప్పింది మర్చిపోవు నువ్వు" అంది. అని, బొడ్లో దోపిన గుడ్డసంచి తీసి, గుప్పెడు వేయించిన శనగలు నా చేతిలో పోసింది. "తిను. ఏడుస్తా తింటే పొలమారుద్ది, ఏడుపాపి తిను."

అది ఆవిడ పద్ధతి. కొట్టడం, ఆ చేత్తోనే శనగలు పెట్టడం. తర్వాత ఆ నెలలో ఎన్నిసార్లు చూశానో. బుట్టను కాలితో పక్కకి నెట్టిన వ్యాపారిని చెవి మీద పీకింది, శనగలు పెట్టింది. ఆయన నలుగురిలో నవ్వుతూ నమిలాడు, నమలక చస్తాడా. బస్సులో నీచువాసన, దిగు దిగు అన్న కండక్టరుకు టిక్కెట్ల సంచి మీదుగా ఒకటి, ఆపైన శనగలు. యూనివర్సిటీ హాస్టలుకు చేపలు తీసుకెళ్తే వెనక గేటుకు వెళ్ళమన్న వాచ్‌మన్‌కు రెండు తగిలించి ముందు గేటునుంచే వెళ్ళిందట. ఎవరూ ఎదురుతిరిగేవాళ్ళు కాదు. ఆవిడ కొట్టిన తర్వాత ఆ సంగతి అక్కడితో అయిపోయేది, మనసులో పెట్టుకోవడం ఆ మనిషికి తెలియదు. మనసులో పెట్టుకుని నవ్వుతూ పలకరించేవాళ్ళ మధ్య ముప్పై ఏళ్ళు బతికిన నాకు అది వింతగా ఉండేది.

మొదటి రోజే, మామ్మగారూ అని పిలిస్తే మళ్ళీ చెయ్యెత్తింది. "నీ వయసు కూతురుంది నాకు. పిన్నీ అను." అప్పణ్ణించి పిన్నీ అనే అన్నాను.

కొన్నాళ్ళకు ఆవిడ హార్బరులో కనబడడం మానేసింది. నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆ తర్వాత మా జాబితాలో ఆవిడ ఊరొచ్చింది, ఒక ఇల్లు ఆవిడ పేరు మీదే ఉంది. తెలిసిన మనిషి ఇల్లు, పని తొందరగా అవుతుందని సంబరపడ్డాను. పాలెంలో దిగి, ఫలానా వాళ్ళ ఇల్లెక్కడండీ అని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. వలలు అల్లుతున్న మగవాళ్ళు తల వంచుకున్నారు. అరుగు మీద ఆడవాళ్ళు లేచి లోపలికి వెళ్ళిపోయారు. చదువుకున్నదాన్ని వచ్చి అడిగితే ఇంత పొగరా వీళ్ళకు అని తిట్టుకుంటూ, ఇంటి నంబర్లు చూసుకుంటూ నేనే కనుక్కున్నాను.

ఆవిడ గుమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని ఉంది. కొయ్యడానికి ఏమీ లేదు. ఊరికే కూర్చుంది. నన్ను చూసింది, వీధి అటూ ఇటూ చూసింది.

"నువ్వు నాతో మాట్లాడొచ్చా?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. "అడగడానికేగా వచ్చాను పిన్నీ. ఫారం పెద్దది, రెండు గంటలు పడుతుంది, ఓపికుందా?" అన్నాను.

"రెండు గంటలా" అంది. లోపలికి వెళ్ళి చాప తెచ్చి దులిపి వేసింది. ఎదురుగా సర్దుకు కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పరీక్ష రాసేవాళ్ళు కూడా అంత శ్రద్ధగా కూర్చోరు.

"ఇంటి యజమాని పేరు?"

"నేనే. రాయి."

"అంటే, మగవాళ్ళు..."

"ఉన్నా నేనే, లేకపోయినా నేనే. రాసేసెయ్."

గోడలు దేనితో కట్టారు అని అడిగితే, తుఫానుకు పోయిన పాత గోడ సంగతి, అప్పుడు దూలం పట్టుకుని నిలబడ్డ సంగతి చెప్పింది. నీళ్ళెక్కణ్ణించి తెచ్చుకుంటారంటే ముందు బోరింగు అని, ఆగి, ఇప్పుడు కాలవ దాటి అవతలి ఊరినుంచి అంది. వీధిలో బోరింగు ఎదురుగా ఉండగా అంత దూరం ఎందుకని నేను అడగలేదు, ఫారంలో ఆ ప్రశ్న లేదు. భర్త ఎలా పోయారంటే, "సముద్రంలో. ఆయన్నొక్కణ్ణే నేను కొట్టలేదే. నా చేతికి దొరికేలోపే గంగమ్మ పట్టుకుపోయింది" అంది. మీ ఇంటినుంచి యూనివర్సిటీకి ఎవరైనా వెళ్తారా అంటే, "నేనెళ్ళాను, చేపలెత్తుకుని, ముందు గేటులోంచి" అని నవ్వింది. గళ్ళలో అంకెలే వెయ్యాలని, మాటలు రాయొద్దని మా సూపర్‌వైజరు చెప్పేవాడు. ఆ మాటలు వదలబుద్ధి గాక అంచుల్లో సన్నటి అక్షరాలతో రాసుకుంటూ పోయాను.

ఒక దగ్గర గొంతు పట్టేసింది ఆవిడకు. నీళ్ళు తాగి, "నెలన్నరయిందే నాతో మనిషనేవాళ్ళు మాట్లాడి. నోరు తుప్పు పట్టింది" అంది.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఎదురిల్లు ఆవిడ కూతురిది. అల్లుడు కూతుర్ని కొడతాడు. ఆవిడ కొట్టినట్టు కాదు, తలుపులేసి కొడతాడు, తర్వాత శనగలు పెట్టడు. ఒక తెల్లారుజామున కూతురు కన్ను వాచి రేవుకొచ్చింది. అల్లుడు అప్పటికి పడవలో ఒక కాలు పెట్టి ఉన్నాడు. ఆవిడ అదే పడవలో తెడ్డు లాగి వాడి వీపు మీద నాలుగు ఉతికింది. వేటకు బయలుదేరే మగవాణ్ణి ఆడమనిషి తెడ్డుతో కొడితే ఆ పడవ కడుపు కాలుతుందట, ఇక దానికి చేప పడదట. ఆ రోజు పడవ కదల్లేదు, ఎక్కాల్సిన మిగతావాళ్ళూ ఇంటిదారి పట్టారు. పెద్దలు కూర్చున్నారు. పడవ ముందు అల్లుడి కాళ్ళు పట్టుకోమన్నారు. "ఆడు నా కూతురి కాళ్ళు పట్టుకుంటే నేను ఆడి కాళ్ళు పట్టుకుంటా" అంది ఈవిడ. దాంతో వెలి. ఊళ్ళో ఎవరూ పలకరించకూడదు, నీళ్ళు నిప్పు ఇవ్వకూడదు, చేప అమ్మకూడదు, కొనకూడదు. మాట కలిపినవాళ్ళకూ అదే గతి. కూతురు వాకిలి ఊడుస్తూ కూడా తలెత్తి చూడకూడదు.

"ఎన్నాళ్ళు?" అన్నాను.

"నేను వంగేదాకా" అంది. "వంగను గానీ, నువ్వడుగు. అయిపోయాయా అప్పుడే?"

ఇంకా కొన్నే మిగిలాయి. అవీ అయిపోయాయి. "ఇంకా అడుగే" అంది. నా దగ్గర ప్రశ్నలు లేవు. ఒక్క పని మాత్రం మిగిలింది, ఫారం కింద ఇరుగుపొరుగు వాళ్ళ సంతకం. వివరాలు నిజమేనని పక్కింటివాళ్ళు ఒకరు పెట్టాలి.

"అది వదిలెయ్" అంది ఆవిడ, ఆ మాట వినగానే.

వదలొచ్చు. తాళమేసి ఉందని రాయొచ్చు, ఎవరూ లేరని రాయొచ్చు, మాలో సగంమంది అదే చేసేవాళ్ళు. నేను వదల్లేదు. నా తెలివి ఎంత గొప్పదంటే, మాట్లాడకూడదన్నారు గానీ సంతకం పెట్టకూడదని ఎవరన్నారు అనుకున్నాను. పైగా తల్లీకూతుళ్ళను ఒక కాగితం మీద కలుపుతున్నానని మురిసిపోయాను. ఆవిడ పిలుస్తున్నా వినకుండా వీధి దాటి ఎదురింటికి వెళ్ళాను.

కూతురికి నా వయసే. కంటి కింద ఇంకా పసుపు రంగు మచ్చ. నేను చెప్పింది వింది, తల అడ్డంగా ఊపింది, వీధి చివర వలల దగ్గరున్న మగవాళ్ళ వైపు చూసింది. మర్యాద తెలియని మనిషి అనుకున్నాను, నోరు విప్పదే అని. "ఇది యూనివర్సిటీ కాగితమమ్మా. మీ ఊరి కట్టుబాటుకూ దీనికీ సంబంధం లేదు" అన్నాను. ఆ అమ్మాయి కాగితం తీసుకుంది. పైన తల్లి పేరు మీద వేలు పెట్టి, అలాగే కాసేపు ఉంచింది. తర్వాత సంతకం పెట్టింది.

నేను ఆటో కోసం వీధి చివరికి వెళ్ళేలోపే అల్లుడొచ్చాడు. ఎవరో చెప్పారు. వస్తూనే పెళ్ళాన్ని జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చాడు. మొహం మీద గుద్దాడు. పడితే కడుపులో తన్నాడు. పెదవి చిట్లి రక్తం జాకెట్టు మీద కారింది. పాప ఒకతి, ఐదేళ్ళుంటాయేమో, గడపలో నిలబడి చూస్తోంది. నేను అరుస్తూ పరిగెత్తుకెళ్ళాను. నన్ను మోచేత్తో తోస్తే పోయి గోడకు పడ్డాను. ఆ శాంతస్వభావులు, ఇరుగుపొరుగుతో సఖ్యంగా మెలిగేవాళ్ళు, ఇరవైమంది చుట్టూ నిలబడ్డారు. ఒక్కడు కదిలితే ఒట్టు.

ఆవిడ వచ్చింది. చేతిలో తెడ్డు. జనం వెనక్కి తగ్గారు. ఆ ఒక్క క్షణం నాకెంత ధైర్యమొచ్చిందో చెప్పలేను. చంపెయ్ పిన్నీ అని మనసులో అనుకున్నాను, ఇప్పుడు చెప్పడానికి సిగ్గు లేదు.

వాడు పెళ్ళాం జుట్టు వదల్లేదు. "కొట్టు. కొట్టి చూడు. దీన్నీ నీ కొంపలోకే తోస్తా. పిల్లని మాత్రం ఇయ్యను. తల్లీకూతుళ్ళిద్దరూ ఆ ఇంట్లో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటా చావండి" అన్నాడు.

పెద్దాయన ఒకాయన, తెల్లపంచె, మంచి మనిషిలాగే ఉన్నాడు, మెల్లగా అన్నాడు. "దారి నీకు తెలుసుగా అమ్మా. కూతురి కాపురం నీ చేతిలోనే ఉంది."

ఆవిడ పాప వైపు చూసింది. కూతురి మొహం చూసింది. తెడ్డు కింద పెట్టింది, విసరలేదు, పడుకోబెట్టినట్టు పెట్టింది. వంగి, రెండు చేతులతో వాడి కాళ్ళు పట్టుకుంది. అందరూ చూసేదాకా అలాగే ఉంది. వాడు జుట్టు వదిలాడు.

తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడొచ్చని ఇద్దరు ముగ్గురు దగ్గరకొచ్చారు కూడా. ఇంట్లోకెళ్ళి కత్తిపీట, గుడ్డలమూట తెచ్చుకుని, తలుపుకు తాళమేసింది. నడిచింది. నేను వెనకాలే ఏడుస్తూ పరిగెత్తాను.

"పిన్నీ, నాదే తప్పు. కొట్టు నన్ను. నాలుగు తగిలించు" అన్నాను.

ఆగింది. చెయ్యి లేస్తుందని వీపు బిగబట్టాను. బొడ్లోంచి సంచి తీసి శనగలు నా చేతిలో పోసింది. "వల దాటినందుకు కొట్టేను. దీనికి కొట్టాలంటే చెయ్యి లేవట్లేదే. ఆడి కాళ్ళకాడే ఉండిపోయింది" అంది. నా ఫోను నంబరున్న చీటీ అడిగి తీసుకుంది, అందరికీ ఇచ్చే చీటీయే. బస్సెక్కి వెళ్ళిపోయింది. కొట్టకుండా పెట్టిన ఆ శనగలు నేను తినలేకపోయాను.

దివిసీమలో ఎవరో చుట్టాల దగ్గర ఉంటోందని, అవనిగడ్డ మార్కెట్లో చేపలు కోసిపెడుతోందని తర్వాత తెలిసింది. ఆ చుట్టుపక్కల సర్వే పడినప్పుడు ఒకరోజు మార్కెట్లోంచి వెళ్ళాల్సి వచ్చింది. ఆవిడే. అదే కత్తిపీట. నన్ను చూసి, "ఏమే, గుడివాడ పిల్లా" అని గట్టిగా పిలిచింది. నేను వినబడనట్టు తల తిప్పుకుని అవతలి వరసలోకి వెళ్ళిపోయాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళనని అప్పుడు నాకు నేను చెప్పుకున్న సాకు. అదంతా ఉత్తది. పాలెంవాళ్ళు ఊరి పెద్దలకు భయపడి ఆవిణ్ణి వెలి వేశారు. నన్ను ఎవరూ భయపెట్టలేదు, నా అంతట నేనే వేశాను.

ఇది జరిగి మూడేళ్ళు. ఫోను చేసింది కూతురు. "అమ్మ పోయిందండి. దాని సంచిలో మీ నంబరుంది. ఆ రోజు మీరు రాసుకెళ్ళిన కాయితం ఉందా? అమ్మ రెండు గంటలు ఏదో చెప్తానే ఉంది, నాకు మా ఇంట్లోంచి నోరు కదలటం కనపడింది గానీ మాట వినపళ్ళేదు. ఏం చెప్పిందో చదివి పెడతారా?"

అంకెలు ఎక్కించుకున్నాక ఫారాలన్నీ కట్టలు కట్టి ఒక గదిలో పడేశారు. పుస్తకం అచ్చయింది కదా, ఇంక వాటితో పనేముంది. నేను గుమస్తాతో పోట్లాడి, రెండు రోజులు దుమ్ములో వెతికి ఆ ఒక్క ఫారం పట్టుకున్నాను. సరిచూడ్డానికి తర్వాత వెళ్ళినవాళ్ళకు తాళమే కనబడిందట, పుస్తకంలో ఆవిడ ఇల్లు, తాళమేసి ఉన్న ఇళ్ళ లెక్కలో పడింది.

పాలెంలో దిగాను. వలల దగ్గరి మగవాళ్ళు నన్ను చూసి తల వంచుకున్నారు. అరుగు మీద ఆడవాళ్ళు లేచి లోపలికి వెళ్ళారు. ఈసారి పొగరనుకోలేదు. అప్పటికి నాకు చదువు వచ్చింది.

ఆవిడ ఇంటి తలుపు తీసి ఉంది. లోపల కూతురు. శవం దగ్గరకెళ్తే మళ్ళీ గడప తొక్కొద్దన్నాడట మొగుడు. వెళ్ళింది. తిరిగొచ్చేసరికి తలుపేశాడు, పాప లోపలే ఉండిపోయింది. తల్లి సంచిలో దొరికిన తాళంచెవితో ఈ ఇల్లు తెరిచింది. మొగుడి కాళ్ళు పట్టుకుని వెళ్ళమని పెద్దలు చెప్పారు. పట్టుకోనంది. మిగతాది మీకు తెలుసు.

నేను గుమ్మంలో చెప్పులు విప్పి, ఫారం బయటికి తీశాను. ఆ అమ్మాయి లేచి వచ్చింది. చెంప మీద ఒక్కటి కొట్టింది. కళ్ళు బైర్లు కమ్మాయి. ఆ పసుపు మచ్చ మనిషిలో అంత బలముందని నేననుకోలేదు. మూడేళ్ళుగా నాకు బాకీ ఉన్న దెబ్బ అది, అందుకుని నిలబడ్డాను.

"కూర్చోండి. చదవండి" అంది, చాప వేస్తూ.

చదివాను. గోడలు, దూలం, గంగమ్మ, ముందు గేటు, అంచుల్లో రాసుకున్నవన్నీ. ఆ అమ్మాయి ఒకచోట నవ్వింది కూడా. చివరి పేజీలో ఒక ప్రశ్న: కష్టం వస్తే మొదట ఎవరి సాయం కోరతారు? గడిలో నేను వేసిన అంకెకు అర్థం 'ఎవరూ లేరు' అని. పక్కన అంచులో ఆవిడ మాట ఉంది. అదీ చదివాను.

"ఎదురింటి కేసి చూస్తా. అది వాకిలి ఊడ్చటానికి వస్తే చాలు, ఆ పూటకి గడిచిపోద్ది."

ఆ అమ్మాయి ఎదురింటి వైపు చూసింది. మూసిన తలుపు. కిటికీ ఊచల్లోంచి పాప చేతివేళ్ళు కనబడుతున్నాయి. ఎవరో లోపలికి లాగినట్టున్నారు, అవీ పోయాయి. కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నాతోనూ ఎవరూ మాట్లాడట్లేదండి. తొమ్మిది రోజులయింది. ఆ ప్రశ్నలన్నీ నన్ను కూడా అడగండి" అంది.

ఫారాలు నా దగ్గర లేవు. పాత ఫారమే వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్న వైపు మోకాలి మీద పెట్టుకున్నాను. పెన్ను తీశాను. మొదటి ప్రశ్న నాకు నోటికొచ్చు.

"ఇంటి యజమాని పేరు?"

"నేనే" అంది. "రాయండి."